ఉంగరం ఫోటో వచ్చిన రోజు రొయ్య రేటు

(2025 అక్టోబర్‌లో భీమవరంలో ఒక గ్రంథాలయం హాల్లో మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసినవి.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

నన్ను అమెరికా రాజకీయాల గురించి మాట్లాడమన్నారు. నేను అక్కడ పదిహేడేళ్ళు ఉండి మూడేళ్ళ కిందట వచ్చేశాను. వచ్చిన దగ్గర్నుంచి టీ కొట్టు దగ్గరైనా, పెళ్ళి భోజనాల దగ్గరైనా, ఎవరు కనపడినా అడిగేది ఒకటే, "ట్రంప్ ఏంటండీ ఇలా చేస్తున్నాడు?" అని. ఆ వెంటనే రెండో ప్రశ్న ఉంటుంది. మస్క్‌తో గొడవెందుకు వచ్చింది, ఆ పాటలు పాడే అమ్మాయి మీద కోపం దేనికి, ఉపాధ్యక్షుడి భార్య ఉషా వాన్స్ గారిది మన వడ్లూరేగా, ఇలాంటివి. మనవాళ్ళకి అమెరికా వార్తలు తెలియవని అనుకునేవాడిని. తప్పు. చాలా తెలుసు. అయితే తెలిసినవాటిలో ఎక్కువ భాగం ఎవరు ఎవరిని ఏమన్నారన్నదే. ఏ కాగితం మీద సంతకం పడిందన్నది మాత్రం మన దాకా రావడం లేదు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది అదే, దాని చుట్టూనే తిరుగుతాను.

ఈ ఆగస్టు 27, వినాయక చవితి. తెల్లవారుజామునే మా బావతో కలిసి పత్రి కోసం వెళ్ళి, అట్నుంచి అటే వాళ్ళ చెరువు గట్టు మీదికి వెళ్ళాం. కాళ్ళ మండలం వైపు నాలుగెకరాల రొయ్యల చెరువు ఆయనది. ఏరేటర్లు తిరుగుతున్నాయి. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేని మా బావ పైకి లాగాడు. వేసిన మేత మొత్తం తినేసి ఉంది. రొయ్యని తీసి అరచేతిలో పెడితే ఎగిరి పడుతోంది, పెంకు మీద ఒక్క మచ్చ లేదు, తోక ఎర్రబడలేదు. 40 కౌంట్‌కి వచ్చేసింది. చెరువుల సంగతి తెలియని పిల్లలెవరైనా ఉంటే, కిలోకి నలభై తూగుతాయని అర్థం. మంచి సైజు. ఆ సైజు వనామీ రకం రొయ్యలో చాలా భాగం ఫ్యాక్టరీలో తల తీసి, పెంకు ఒలిచి, ఐస్ కట్టి అమెరికాకి పోయే సరుకు.

మా బావ ఏజెంట్‌కి ఫోన్ చేశాడు. "పెద్ద కౌంట్ ఇప్పుడు వద్దండి, కంపెనీ తీసుకోనంటోంది, ఓ పది రోజులు ఆగండి" అన్నాడతను. ఆగడం అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. రోజూ మేత, రోజూ కరెంటు, దానికి తోడు రాత్రిపూట వైట్ స్పాట్ రోగం వస్తుందేమోనన్న టెన్షన్. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని కాసేపు నీళ్ళ వంకే చూస్తూ నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు మా మేనల్లుడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం కుర్రాడు, తన ఫోన్ తెచ్చి నాకు చూపించాడు. ఇందాక చెప్పిన ఆ పాటలు పాడే అమ్మాయి టేలర్ స్విఫ్ట్‌కి, ఆ ఫుట్‌బాల్ ఆటగాడు ట్రావిస్ కెల్సీకి నిశ్చితార్థం అయింది. పూలతోటలో మోకాలి మీద కూర్చున్న ఫోటో, చేతికి ఉంగరం. ముందు రోజు రాత్రి మన టైం పదిన్నర ప్రాంతంలో ఆ ఫోటోలు బయటికి వచ్చాయి. తెల్లారేసరికి చెరువు గట్టు మీదున్న కుర్రాడి దాకా వచ్చేశాయి. ఉంగరం రేటెంత ఉంటుందో కూడా ఎవరో వీడియో చేసి పెట్టారు.

ఆ రోజు ఉదయం మన టైం 9 గంటల 31 నిమిషాలకి, అంటే వాషింగ్టన్‌లో అర్ధరాత్రి దాటిన ఒక నిమిషానికి, మన దేశం నుంచి వెళ్ళే సరుకు మీద రెండో 25 శాతం సుంకం అమల్లోకి వచ్చింది. మొదటి 25 ఆగస్టు 7 నుంచే ఉంది. రెండూ కలిపి 50. మన రొయ్య మీద ఎప్పటి నుంచో ఉన్న యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది, సబ్సిడీల పేరుతో వేసే సుంకం కూడా కలుపుకుంటే 58 శాతం దగ్గరికి పోయింది. ఈక్వెడార్ రొయ్య మీద అందులో చిన్న భాగమే. 2024-25లో దేశం మొత్తం మీద సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62 వేల కోట్ల రూపాయలు దాటింది. అందులో మూడింట రెండొంతులు ఫ్రోజెన్ రొయ్యే, ఆ రొయ్యని అందరికంటే ఎక్కువ కొనేది అమెరికాయే, అందరికంటే ఎక్కువ పెంచేది మన ఆంధ్రాయే. అంత పెద్ద వ్యవహారం మా మేనల్లుడి ఫోన్‌లోకి రాలేదు. ఉంగరం వచ్చింది.

ఆ కుర్రాడిని నేను తప్పు పట్టడం లేదు. ఆ అమ్మాయిని అసలే పట్టను, ఆవిడ పెళ్ళి ఆవిడ ఇష్టం. నాకు బాధనిపించింది ఎక్కడంటే, ఆ సంతకం ఆగస్టు 27న పడింది కాదు. ఆగస్టు 6నే పడింది. ఆర్డర్‌లోనే 21 రోజుల గడువు రాసి ఉంది. రష్యా నూనె, అంటే ముడి చమురు, కొంటున్నందుకు ఇండియా మీద ఇంకో 25 వేస్తున్నామని, ఏ తేదీ నుంచన్నది కూడా చెప్పి మరీ రాశారు. అంటే చెరువులో రొయ్య 60 కౌంట్‌లో ఉన్నప్పుడే ఈ సంగతి మా బావకి తెలిసి ఉండాల్సింది. అప్పుడే పట్టుబడి చేసుకోవాలా, అంటే రొయ్య పట్టి అమ్మేసుకోవాలా, మేత తగ్గించి ఆగాలా, ఏదో ఒక ఆలోచన చేసుకునేవాడు. మూడు వారాల గడువు చేతిలో ఉండి కూడా చివరి రోజున ఏజెంట్ చెబితే తెలిసింది.

ఇంకా వెనక్కి వెళ్దాం, ఎందుకంటే నాకు బాగా గుచ్చుకున్న తేదీ ఇది. ఆగస్టు 4, సోమవారం. ఆ రోజు ట్రంప్ తన సొంత ప్లాట్‌ఫామ్‌లో పెట్టినవాటిలో రెండు పోస్టులు చెబుతాను. ఒకటి సిడ్నీ స్వీనీ అనే సినిమా నటి జీన్స్ ప్రకటన గురించి. ఆవిడ రిపబ్లికన్‌గా నమోదై ఉందని తెలిసి తెగ మెచ్చుకుంటూ రాశాడు. ఆ జీన్స్ కంపెనీ షేరు ఆ ఒక్కరోజే 20 శాతానికి పైగా ఎగిరింది. రెండోది ఇండియా గురించి. రష్యా నూనె కొని లాభానికి అమ్ముకుంటున్నారు, అందుకని సుంకం బాగా పెంచబోతున్నాను అని. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే చేత్తో. ఇందులో మొదటిది ఎన్ని వీడియోలైందో, రెండోది ఎన్నైందో మీరే వెతికి చూడండి. నేను చూశాను. తెలుగులో జీన్స్ మీద పూర్తి నిడివి వీడియోలున్నాయి, జెనెటిక్స్ అనే మాటకి జీన్స్‌కి ముడిపెట్టిన ఆ వివాదం మొత్తం వివరంగా చెప్పారు. రష్యా నూనెకి మన రొయ్యకి ఉన్న ముడిని అంత ఓపిగ్గా చెప్పినవాళ్ళు నాకు దొరకలేదు.

ఒకాయన వాకింగ్‌లో నాతో అన్నాడు, "సినిమావాళ్ళ రాజకీయం మనకి కొత్తా ఏంటండీ, మనం రామారావు గారిని చూసినవాళ్ళం" అని. నిజమే. 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ సమయానికి అమెరికాలో అధ్యక్షుడు కూడా నటుడే, రోనాల్డ్ రీగన్. మా నాన్న ఆ రెండూ కలిపి గర్వంగా చెప్పేవాడు. కానీ చూడండి, రామారావు గారిని మనం గుర్తుపెట్టుకున్నది ఖాకీ బట్టలకీ, చైతన్య రథానికీ మాత్రమే కాదు. రెండు రూపాయలకి కిలో బియ్యం. అది సంతకం. మన పల్లెల్లో ఆడవాళ్ళని అడిగితే మొదట ఆ మాటే చెబుతారు. మన రాజకీయాల్లో సినిమాకీ సంతకానికీ తేడా మనకి అంత బాగా తెలుసు. అమెరికా దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిని గుమ్మం బయట వదిలేస్తున్నాం.

రీగన్ సంగతే తీసుకోండి. ఆయన నవ్వు, చెప్పే జోకులు, కౌబాయ్ టోపీ, ఇవి అందరికీ తెలుసు. ఆయన అంతకుముందు హాలీవుడ్ నటుల యూనియన్‌కి అధ్యక్షుడు, ఒకటి రెండేళ్ళు కాదు, చాలా ఏళ్ళు చేశాడు. యూనియన్ నాయకుడిగా పనిచేసి దేశాధ్యక్షుడైనవాడు. 1980లో విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల యూనియన్ ఆయనకి మద్దతిచ్చింది, మనవాడే కదా అనుకుని. 1981 ఆగస్టు 3న వాళ్ళు సమ్మెకి దిగారు. 48 గంటలు టైమిచ్చాడు. ఆగస్టు 5న 11,345 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశాడు. అమెరికాలో కార్మిక సంఘాల బలం అక్కడి నుంచి ఎలా జారిపోయిందో తెలుసుకోవాలంటే ఆ నవ్వు ఫోటో ఎంతసేపు చూసినా తెలియదు, ఆ ఉత్తర్వు చదివితే తెలుస్తుంది.

స్టార్లు ఓట్లు తెస్తారా అనేది ఇంకో ప్రశ్న. 2016లో హిల్లరీ క్లింటన్ కోసం బియాన్సే, జే-జీ క్లీవ్‌లాండ్‌లో పాడారు. ఆ రెండు రోజులకే అదే ఊరిలో బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ స్టేజీ ఎక్కాడు. పోలింగ్‌కి ముందు రాత్రి ఫిలడెల్ఫియాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ గిటార్ పట్టుకుని వచ్చాడు. క్లీవ్‌లాండ్ ఉన్న ఒహాయో పోయింది, ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా పోయింది. 2024 సెప్టెంబర్ 10న డిబేట్ అయిన కాసేపటికే టేలర్ స్విఫ్ట్ కమలా హారిస్‌కి ఓటేస్తానని ఇన్‌స్టాగ్రామ్‌లో రాసింది. ఆ పోస్టుతో పాటు ఓటరు నమోదు ప్రభుత్వ వెబ్‌సైట్ లింకు కూడా పెట్టింది, ఒక్క రోజులో 4 లక్షల మందికి పైగా ఆ లింకు నొక్కారు. ఆ అమ్మాయి చేసిన పనుల్లో నేను మనస్ఫూర్తిగా గౌరవించేది అదే. ఫలానావాళ్ళకి వెయ్యమన్నదానికంటే, వెళ్ళి ఓటరుగా పేరు రాయించుకోండి అన్నది పెద్ద పని. ఫలితం మాత్రం మీకు తెలుసు, ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్‌కి 312, హారిస్‌కి 226. గట్టి పోటీ ఉన్న ఏడు రాష్ట్రాలకి ఏడూ ట్రంప్‌కే పోయాయి.

ఆ ఎన్నికల్లో ఒక రోజు గురించి చెప్పి ముందుకెళ్తాను. 2024 అక్టోబర్ 25. హారిస్, ట్రంప్ ఇద్దరూ టెక్సాస్‌లోనే ఉన్నారు. హ్యూస్టన్‌లో హారిస్ సభకి బియాన్సే వచ్చింది. జనం పాట కోసం ఎదురుచూశారు, ఆవిడ పాడలేదు, తల్లిగా మాట్లాడతానని చెప్పి నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళింది. అదే రోజు ఆస్టిన్‌లో ట్రంప్ జో రోగన్ పాడ్‌కాస్ట్‌లో మూడు గంటల పాటు కూర్చున్నాడు. స్టేజీ లేదు, లైట్లు లేవు, అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టే ఉంది. అక్కడ నాతో పాటు పనిచేసిన కుర్రాళ్ళు, ట్రక్కులు నడిపేవాళ్ళు, గోడౌన్లో రాత్రి షిఫ్టు చేసేవాళ్ళు, చెవిలో అది పెట్టుకుని పని చేసుకునే రకం. నా ఉద్దేశంలో స్టార్‌ని తెచ్చి స్టేజీ ఎక్కిస్తే జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు. మూడు గంటలు చెవిలో కూర్చున్నవాడు ఇంటి మనిషైపోతాడు. డెమోక్రాట్లకి ఇది ఇప్పటికీ పూర్తిగా అర్థమైందని నేను అనుకోవడం లేదు.

ఇప్పటిదాకా విన్నవాళ్ళకి, సెలబ్రిటీ వార్త అంటే పక్కన పడేయమని చెబుతున్నాననిపించి ఉంటుంది. కాదండి. కొన్నిసార్లు సెలబ్రిటీ వార్తే అసలు వార్త. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, తొందరపెట్టకండి.

జిమ్మీ కిమ్మెల్ అని ఏబీసీ ఛానెల్లో రాత్రిపూట షో చేసే కమెడియన్. ఈ ఏడాది సెప్టెంబర్ 10న యూటాలో, ట్రంప్‌కి మద్దతుగా కాలేజీల్లో మాట్లాడే చార్లీ కిర్క్‌ని కాల్చి చంపారు. ముప్పై ఒక్కేళ్ళ మనిషి, ఇద్దరు చిన్నపిల్లలు, ఘోరం. ఆయన మాటల్లో ఎన్నో నాకు నచ్చేవి కావు, అయినా ఒక మనిషిని మాట్లాడుతుండగా చంపడం అంటే అది మాట మీద చేసిన దాడే. 15న కిమ్మెల్ తన షోలో ట్రంప్ మనుషులు ఈ హత్యని రాజకీయానికి వాడుకుంటున్నారని అన్నాడు. అతను అన్నది సబబా కాదా అని అక్కడ తిట్టుకున్నారు, మన దగ్గర కూడా తిట్టుకున్నారు. నాకు ఆ మాటలు తొందరపాటు అనిపించాయి. అది పక్కన పెట్టండి. 17వ తేదీన ఏం జరిగిందో చూడండి.

బ్రెండన్ కార్ అని, టీవీ స్టేషన్లకి లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కి ఛైర్మన్. ఆయన ఒక పాడ్‌కాస్ట్‌లో కూర్చుని, ఇది సులువైన దారిలోనైనా చేయొచ్చు, కష్టమైన దారిలోనైనా చేయొచ్చు అన్నాడు. లైసెన్సు ఇచ్చే ఆఫీసర్ నోట ఆ మాట వస్తే ఏమవుతుందో వ్యాపారం చేసేవాళ్ళకి నేను చెప్పాలా? మన రైస్ మిల్లుకి తనిఖీ ఆఫీసర్ వచ్చి, ఈజీగా పోదామా కష్టంగా పోదామా అన్నాడనుకోండి. కొన్ని గంటల్లోనే నెక్స్‌స్టార్ అనే కంపెనీ, దేశం నిండా స్టేషన్లున్న కంపెనీ, మా స్టేషన్లలో కిమ్మెల్ షో వెయ్యం అంది. సింక్లెయిర్ అనే ఇంకో కంపెనీ కూడా అదే దారి పట్టింది. ఏబీసీ షో ఆపేసింది. ఇక్కడ అసలు విషయం ఏంటంటే, అదే సమయంలో నెక్స్‌స్టార్ 620 కోట్ల డాలర్లు పెట్టి టెగ్నా అనే ఇంకో స్టేషన్ల కంపెనీని కొనడానికి చూస్తోంది. దానికి సంతకం పెట్టాల్సింది ఎవరు? అదే కమిషన్.

ఇక్కడుంది సంతకం. ఒక కమెడియన్ ఏదో అన్నాడు, ఉద్యోగం పోయింది అని చెబితే అది గాసిప్. ఒక ప్రభుత్వ కమిషన్ చేతిలో వేల కోట్ల ఫైలు పెండింగ్‌లో ఉండగా ఆ కమిషన్ ఛైర్మన్ నోటి మాటకి ఒక షో ఆగింది అని చెబితే అది పత్రికా స్వేచ్ఛ కేసు. రెండూ ఒకే రోజు జరిగిన ఒకే సంఘటన. ట్రంప్ పార్టీకే చెందిన సెనేటర్ టెడ్ క్రూజ్ కూడా కార్ చేసింది ప్రమాదకరం అన్నాడు, రేపు వేరే పార్టీవాళ్ళు వస్తే మన మీద ఇదే వాడతారని. నేను క్రూజ్‌తో ఏకీభవించే రోజు వస్తుందనుకోలేదు, వచ్చింది. జనం ఏబీసీ సొంతదారు డిస్నీ యాప్‌ల చందాలు రద్దు చేసుకున్నారు, నటులు బహిరంగ లేఖ రాశారు, 23న షో తిరిగొచ్చింది. ఆ రాత్రి 60 లక్షల మందికి పైగా టీవీలో చూశారు, మామూలు రోజుకి మూడింతలకంటే ఎక్కువ.

జులైలో స్టీఫెన్ కోల్బేర్ షో సంగతి కూడా ఇలాగే చూడాలి. ఆ షో వచ్చే సీబీఎస్ ఛానెల్ మాతృసంస్థ పారామౌంట్, ట్రంప్ వేసిన కేసులో 1 కోటి 60 లక్షల డాలర్లు ఇచ్చి రాజీపడింది. కోల్బేర్ తన సొంత ఛానెల్లోనే దాన్ని లంచం అన్నాడు. మూడు రోజులకి, జులై 17న, వచ్చే మే నెలలో షో ముగించేస్తున్నామని ప్రకటించారు. ఇంకో వారానికి, 24న, స్కైడాన్స్ అనే కంపెనీతో పారామౌంట్ విలీనానికి కమిషన్ అనుమతిచ్చింది. షోకి నష్టాలొస్తున్నాయి, డబ్బు కారణమే తప్ప ఇంకేం లేదు అని కంపెనీ చెప్పింది. నష్టాల మాట నిజమే కావచ్చు, ఆ టైంలో టీవీ చూసేవాళ్ళు తగ్గారు. కానీ ఆ మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూసినవాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? నాకైతే వచ్చింది, పోలేదు.

కిమ్మెల్ గొడవ మొదలైన రెండు రోజులకే, సెప్టెంబర్ 19 శుక్రవారం, ఇంకో సంతకం పడింది. అది మన ఇళ్ళలోకి నేరుగా వచ్చింది. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకి లక్ష డాలర్లు. ఆదివారం అర్ధరాత్రి దాటిన నిమిషం నుంచి అమలు, అంటే మన టైం మళ్ళీ అదే తొమ్మిదీ ముప్పై ఒకటి, మహాలయ అమావాస్య రోజు ఉదయం. మా స్నేహితుడి కొడుకు నాన్నమ్మ తద్దినానికని వచ్చి ఉన్నాడు. శనివారం పొద్దున్న లేచి ఫోన్ చూసుకుని వణికిపోయాడు, ఆఫీసు నుంచి మెసేజ్, ఏ దేశంలో ఉంటే అక్కడి నుంచి గడువు లోపల వచ్చెయ్యండి అని. విస్తరి ముందు కూర్చున్నవాడు లేచి టికెట్లు వెతికాడు. ఆ రాత్రి హైదరాబాద్ దారిలో కారులో ఉండగా తెలిసింది, ఇది కొత్తవాళ్ళకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి కాదని వైట్‌హౌస్ చెప్పిందని. ఏలూరు దాటాక ఒక ధాబా దగ్గర కారాపుకుని తండ్రీ కొడుకులిద్దరూ ఏడ్చారట. ఆ తండ్రి నాతో చెబుతుంటే నాకూ కళ్ళు తడిశాయి. ఆ ప్రకటన పూర్తి పాఠం వైట్‌హౌస్ సైట్‌లో శుక్రవారమే ఉంది, కానీ అందులో ఈ ముక్క స్పష్టంగా లేకపోవడం వల్ల వాళ్ళ కంపెనీ లాయర్లే భయపడ్డారు. కాబట్టి సంతకం చూస్తే అన్నీ తేలిపోతాయని నేను అనను. సంతకం పెట్టినవాళ్ళే సరిగ్గా రాయనప్పుడు చదివినవాడి తప్పేముంది? అలా రాసి జనాన్ని విమానాశ్రయాలకి పరిగెత్తించడం మహా పాపం. ఈ మాట ట్రంప్‌ని ఇష్టపడేవాళ్ళ ముందు కూడా అంటాను.

ఈ ఏడాది మే 16 గురించి చెప్పకపోతే ఈ మాటలు పూర్తి కావు. అదీ శుక్రవారమే. ఆ రోజు ట్రంప్ ఇద్దరు గాయకుల మీద విరుచుకుపడ్డాడు. స్ప్రింగ్‌స్టీన్‌ని ఎండిపోయిన పండుతో పోల్చి తిట్టాడు, స్విఫ్ట్‌కి మునుపటి హాట్‌నెస్ పోయింది గమనించారా అని రాశాడు. ప్రపంచమంతా అదే వార్త. అదే రోజు మూడీస్ సంస్థ అమెరికా ప్రభుత్వ అప్పుల రేటింగ్‌ని, అందరికంటే పైన ఉండేదాన్ని, ఒక మెట్టు కిందికి దించింది. అదే రోజు సుప్రీంకోర్టు 1798 నాటి చట్టం పెట్టి వెనిజులావాళ్ళని పంపేయడాన్ని ఆపి ఉంచింది. అదే రోజు ట్రంప్ తెచ్చిన పెద్ద పన్నుల బిల్లు సొంత పార్టీవాళ్ళు కొందరు ఎదురు తిరగడంతో హౌస్, అంటే దిగువ సభ, బడ్జెట్ కమిటీలో ఓడిపోయింది. తర్వాత మళ్ళీ లేచిందనుకోండి. ఆ బిల్లులో, ఈ హాల్లో ఉన్న పెద్దవాళ్ళు వినండి, పౌరసత్వం లేనివాళ్ళు తమ దేశానికి డబ్బు పంపితే 5 శాతం పన్ను అని రాసి ఉంది. మీ అబ్బాయి వెయ్యి డాలర్లు పంపితే యాభై అక్కడ కట్టాలి. తర్వాత అది మూడున్నర అయింది. చివరికి జులై 4న చట్టమయ్యేసరికి 1 శాతానికి దిగింది, అదీ నగదు, మనీ ఆర్డర్ లాంటివాటితో పంపేవాటికే, 2026 జనవరి 1 నుంచి. బ్యాంకు ఖాతాలోంచి పంపితే లేదు. ఐదు నుంచి ఒకటికి ఎలా దిగింది? ఆ రెండు నెలలూ ఎవరో కూర్చుని ఫోన్లు చేశారు, సెనేటర్ల ఆఫీసులకి తిరిగారు, అడిగారు. స్విఫ్ట్ హాట్‌గా ఉందా లేదా అని చర్చించుకున్నవాళ్ళ వల్ల దిగలేదు.

ఉషా వాన్స్ గారి గురించి ఒక్క మాట చెప్పి ఆపేస్తాను. ఆవిడ మూలాలు మన పశ్చిమ గోదావరివి, గర్వమే, కాదనను. ఈ జనవరి 20న ప్రమాణ స్వీకారం రోజు మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. ఆ గులాబీ రంగు కోటు గురించి మా అక్క, వదిన ఎంత మురిసిపోయారో. రాత్రి బాగా పొద్దుపోయాక మా అన్నయ్య కూతురు డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. ఆ పిల్లా, భర్తా ఇద్దరూ హెచ్-1బీ మీదే ఉన్నారు, గ్రీన్‌కార్డు లైనులో ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఏడో నెల. "బాబాయ్, ఇప్పుడు పుట్టబోయే బిడ్డ ఏ దేశపు బిడ్డ?" అని అడిగింది. ఆ రోజే పడిన సంతకాల్లో ఒకటి అది, తాత్కాలిక వీసా మీదున్న తల్లిదండ్రులకి పుట్టే పిల్లలకి పుట్టుకతో వచ్చే పౌరసత్వం ఉండదని, నెల రోజుల తర్వాత పుట్టేవాళ్ళ నుంచి అని. మూడు రోజుల్లో సియాటెల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆపాడు, ఈ అక్టోబర్ నాటికి అది కోర్టుల్లోనే ఉంది. మార్చిలో ఆడపిల్ల పుట్టింది, అమెరికా బర్త్ సర్టిఫికెట్ వచ్చింది. ఆ నడుమ రెండు నెలలు ఆ తల్లి ఎలా నిద్రపోయిందో నాకు తెలుసు, ఎందుకంటే మన పగటి వేళల్లో నాకే ఫోన్ చేసేది.

సరే, ఒక పని మాట. రొయ్యల మీద సుంకం సంగతి ఈ అక్టోబర్ నాటికి తేలలేదు. ఆ సుంకాలు వేసింది 1977 నాటి ఒక అత్యవసర అధికారాల చట్టం పేరు చెప్పి. ఆ చట్టంలో సుంకం అనే మాటే లేదు, అదే కేసు. ఆగస్టు 29న అప్పీల్ కోర్టు ఏడుగురికి నలుగురు తేడాతో చెల్లవంది, అయినా వసూలు ఆగలేదు. నవంబర్ 5న సుప్రీంకోర్టులో వాదనలు. మన టైం రాత్రి ఎనిమిదిన్నరకి మొదలవుతాయి, కెమెరా ఉండదు కానీ ఆడియో లైవ్‌లో వస్తుంది, ఎవరైనా వినొచ్చు. మా బావ వాళ్ళ చెరువు గట్టు మీద షెడ్డు ఉంది, కరెంటుంది, స్పీకర్ నేను తెస్తాను. వాళ్ళు మాట్లాడేది నాకు అర్థమైనంత వరకు ఎప్పటికప్పుడు తెలుగులో చెబుతాను. పాతికమంది దాకా కూర్చోవచ్చు. వచ్చేవాళ్ళు కిందకి దిగాక మా మేనల్లుడికి పేర్లు చెప్పండి, లిస్టు రాసేది వాడే.